గిన్నె లెక్క, గ్రాముల లెక్క: ఆవకాయలో ఉప్పు ఎక్కడ తప్పుతుంది

ఆవకాయ ఎలా కలపాలని అమ్మనో అమ్మమ్మనో అడిగితే వచ్చే సమాధానం దాదాపు ఇలాగే ఉంటుంది: ఐదు గిన్నెల ముక్కలకి గిన్నెడు కారం, గిన్నెడు ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, గిన్నెన్నర నూనె. ఇంటింటికీ కొంచెం తేడా ఉంటుంది, కొందరు నాలుగు గిన్నెలంటారు, కొందరు ఉప్పు కూడా సమానంగా పోయమంటారు, కానీ చెప్పే పద్ధతి మాత్రం ఒకటే. అందులో ఎక్కడా గ్రాము అనే మాట ఉండదు. బజారుకి వెళ్తే కారం అరకిలో ప్యాకెట్టు, ఆవాలు పావుకిలో, ఉప్పు కిలో, మామిడికాయలు కాయల లెక్కనో కిలోల లెక్కనో, నూనె లీటరు. ఇల్లు గిన్నెలతో మాట్లాడుతుంది, బజారు కాటాతో మాట్లాడుతుంది. ఒకదాన్ని రెండోదానిలోకి మార్చే చోటే ఏటా ఎంతోమంది పచ్చడి పాడవుతోంది.

ఆ తప్పు ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఈమధ్య చాలా ఇళ్ళలో చిన్న డిజిటల్ కాటా ఉంటోంది. గిన్నె కొలతలు నమ్మకం లేక, ఈసారి అన్నీ పద్ధతిగా తూచి వేద్దామనుకుంటారు. 250 మిల్లీలీటర్లు పట్టే గిన్నె తీసుకుని కారం పోసి తూస్తారు, 120 గ్రాముల దగ్గర ఆగుతుంది. బాగుంది, గిన్నెడు అంటే 120 గ్రాములు. మరి ముప్పావు గిన్నె అంటే 90 గ్రాములు కదా అని ఉప్పు 90 గ్రాములు తూచి వేసేస్తారు. లెక్క తప్పలేదు, కాటా తప్పలేదు. కానీ అదే గిన్నెలో ముప్పావు వంతు ప్యాకెట్ ఉప్పు పోసి తూస్తే 225 గ్రాముల చుట్టుపక్కల చూపిస్తుంది, దంచిన కల్లుప్పయితే 190 దాకా. అంటే వేయాల్సిన దాంట్లో సగం కూడా పడలేదు.

ఇప్పుడు మొత్తం జాడీని లెక్కలోకి తీసుకుందాం. ఐదు గిన్నెల మామిడి ముక్కలు సుమారు 750 గ్రాములు, కారం 120, ఆవపిండి 105, నూనె గిన్నెన్నర అంటే దాదాపు 345 గ్రాములు, దంచిన కల్లుప్పు 190. మొత్తం కిలోన్నర పచ్చడిలో ఉప్పు పన్నెండున్నర శాతం. ప్యాకెట్ ఉప్పు పోస్తే పద్నాలుగున్నర శాతం దాటుతుంది. తూచిన 90 గ్రాములే వేస్తే ఆరు శాతం దగ్గర ఆగిపోతుంది. ఆరు శాతం ఉప్పున్న పచ్చడి నాలుకకి చప్పగా ఏమీ ఉండదు, కారం, ఆవ ఘాటు, మామిడి పులుపు కలిసి ఆ లోటుని కప్పేస్తాయి. అందుకే కలిపిన రోజు ఎవరికీ అనుమానం రాదు. ఊరగాయని నిలబెట్టేది రుచి కాదు, ఆ ముక్కల్లోని నీళ్ళని ఎంత ఉప్పు పట్టి ఉంచుతోందన్నది. ఉప్పు చాలినంత ఉంటే ఆ నీరు బూజుకి, సూక్ష్మజీవులకి అందదు. పులుపు, ఆవ, పైన తేలే నూనె కూడా సాయం చేస్తాయి కానీ, అసలు బరువు మోసేది ఉప్పే. శ్రావణంలో జాడీ మూత తీసి తెల్లటి పొర చూసి, తడి చెయ్యి ఎవరు పెట్టారని ఇంట్లో గొడవ పడేవాళ్ళు ఒక్కసారి ఉప్పు లెక్క కూడా చూసుకోవాలి.

కారణం చిన్నదే. గిన్నె కొలిచేది ఒక పదార్థం ఎంత చోటు ఆక్రమిస్తుందో, కాటా కొలిచేది ఆ పదార్థం ఎంత ఉందో. ఈ రెండింటినీ కలిపేది సాంద్రత, అంటే ఒక మిల్లీలీటరు చోటులో ఎన్ని గ్రాములు పడతాయన్నది. నీళ్ళకి మాత్రం ఈ లెక్క అతి తేలిక, మిల్లీలీటరు అంటే గ్రాము. అది ఊరికే కలిసొచ్చింది కాదు, ఫ్రాన్స్‌లో 1795లో గ్రాముని నిర్వచించినప్పుడు ఒక ఘన సెంటీమీటరు నీటి బరువుగానే పెట్టారు. పాలు, పెరుగు నీళ్ళకన్నా కాస్త బరువు. నూనె, నెయ్యి తేలిక, మిల్లీలీటరుకి 0.91 లేదా 0.92. తేనె బాగా బరువు, 1.4 దాకా. ద్రవాలతో పెద్ద చిక్కు లేదు, ఎందుకంటే అవి గిన్నెలో ఖాళీలు మిగల్చవు. పొడులు, గింజలు, పలుకులు అలా కాదు. గిన్నెడు కారంలో కారంతో పాటు బోలెడంత గాలి ఉంటుంది. ఎంత గాలి అన్నది మర ఎంత మెత్తగా పట్టింది, ఎండు మిరపకాయలు ఎంత ఎండాయి, డబ్బాలో ఎంతకాలం కూర్చుంది, పోసిన చెయ్యి ఎలాంటిది అన్నవాటి మీద ఆధారపడుతుంది. అప్పుడే మర పట్టించి తెచ్చిన ఆవపిండిని గిన్నెలో వదులుగా పోసి తూచి, గిన్నెని గట్టు మీద నాలుగుసార్లు తట్టి, దిగిన చోట మళ్ళీ పోసి తూస్తే పాతిక గ్రాముల తేడా కళ్ళ ముందే కనిపిస్తుంది. ఉప్పు పలుకులు బరువైనవి, చిన్న చిన్న ఘనాల్లా ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి, అందుకని గిన్నెడు ఉప్పు గిన్నెడు కారానికి రెండున్నర రెట్లు తూగుతుంది. కాబట్టి గిన్నెడు అంటే ఎన్ని గ్రాములు అన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేదు. దేనికి అన్నది ముందు చెప్పాలి.

తెలుగులో ఈ విషయం మాటల్లోనే ఉంది. చిటికెడు, పిడికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు, గరిటెడు, గిద్దెడు, సోలెడు, తవ్వెడు, మానెడు. చేతినీ పాత్రనీ కొలతగా మార్చేసే మాటలు ఇవన్నీ, అన్నీ చోటుని కొలిచేవే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, ఇలా తూము, పుట్టి దాకా వెళ్ళేది. బరువు మాటలు వేరుగా ఉండేవి: తులం, పలం, వీశె, మణుగు. వాటి చోటు ఎక్కువగా అంగడి, కంసాలి కొట్టు. వంటింట్లో తక్కెడ ఉండేది కాదు, సోలా తవ్వా ఉండేవి. వీటి మధ్యలో శేరు ఒక్కటే రెండు వైపులా తిరిగేది, కొన్నిచోట్ల కొలిచే శేరు, కొన్నిచోట్ల తూచే శేరు, తూచే శేరు కూడా ఊరిని బట్టి మారేది. మద్రాసు వైపు 24 తులాలది, అంటే 280 గ్రాములు. 1939 చట్టంలో ప్రమాణంగా తీసుకున్నది 80 తులాలది, 933 గ్రాములు. పాత కాగితాల్లో శేరు అని చూసి కిలోకి దగ్గర అనుకుంటే కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు మూడు రెట్లకి పైగా తప్పుతుంది. దేశంలో మెట్రిక్ కొలతలకి 1956లో చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి అమలు మొదలైంది. అంగడి మారింది. వంటిల్లు మారలేదు, సోల పోయి గ్లాసు వచ్చింది, అంతే.

గ్లాసు లెక్కని తక్కువ చేసి చూడటం తప్పు. ఐదుకి ఒకటి, ఒకటి, ముప్పావు అన్న లెక్కలో ఒక గొప్ప సుగుణం ఉంది. పాత్ర ఎంతదైనా ఫర్వాలేదు. సోలతో కొలిచినా, స్టీలు గ్లాసుతో కొలిచినా, పెరుగు డబ్బా మూతతో కొలిచినా, అన్నిటికీ అదే పాత్ర వాడినంతవరకు పచ్చడి ఒకేలా వస్తుంది. చదువు, కాటా, కరెంటు ఏవీ అక్కర్లేకుండా వందల ఏళ్ళు పనిచేసిన పద్ధతి అది. అది విరిగేది సగం దారిలో పద్ధతి మార్చినప్పుడు. కిలో ముక్కలకి కప్పు ఉప్పు అని రాసిన వంటకం అలాంటిదే, ఒక కాలు కాటాలో, ఒక కాలు గిన్నెలో. అక్కడ కప్పు ఎంతదన్నది ఒక్కసారిగా ఎంతో ముఖ్యమైపోతుంది.

ఎందుకంటే కప్పు అనేది ఒకటి కాదు. అమెరికా కప్పు 236.6 మిల్లీలీటర్లు, అక్కడి ఆహార ప్యాకెట్ల లేబుళ్ళ మీద దాన్ని 240గా లెక్కేస్తారు. ఆస్ట్రేలియాలో 250. జపాన్‌లో 200. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180, అది జపాన్ పాత బియ్యం కొలత అయిన గో నుంచి వచ్చింది. 250 కప్పుతో ప్యాకెట్ ఉప్పు కొలిస్తే 300 గ్రాములు, 180 కప్పుతో కొలిస్తే 216. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగు ఇంట్లో ఈ కప్పులన్నీ ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి, చేతికి ఏది అందితే దానితో కొలుస్తారు. టేబుల్ స్పూన్ కూడా అంతే, చాలా దేశాల్లో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. టీస్పూన్ ఒక్కటే 5 దగ్గర నిలబడింది. మన ఇళ్ళలో చెంచా అంటే కాఫీ కలిపే చెంచానా, ఉప్మా తినే చెంచానా అన్నది ఆ ఇంట్లో వాళ్ళకే తెలియాలి.

అమెరికాలో ఉండేవాళ్ళకి ఉప్పుతో ఇంకో చిక్కు ఉంది. అక్కడ దొరికే కోషర్ ఉప్పు పెద్ద పెద్ద రేకుల్లా ఉంటుంది, మధ్యలో గాలి ఎక్కువ. మామూలు మెత్తటి ఉప్పు టీస్పూన్ 6 గ్రాములు తూగితే, డైమండ్ క్రిస్టల్ బ్రాండు కోషర్ ఉప్పు అదే టీస్పూన్ 3 గ్రాములు కూడా తూగదు. రెండూ ఉప్పే, రుచిలో తేడా లేదు, గ్రాముకి గ్రాము సమానం. కానీ చెంచా లెక్కన సగానికి సగం తేడా. మన దగ్గర కల్లుప్పు, మెత్తటి ఉప్పు మధ్య తేడా అంత పెద్దది కాకపోయినా ఉంది. పెద్దవాళ్ళు ఆవకాయకి కల్లుప్పుని ఎండబెట్టి దంచి వాడమనేది శుభ్రత కోసమే అనుకుంటారు చాలామంది. దానిలో కొలత కూడా ఉంది. తడి ఆరితే తూచిన బరువంతా ఉప్పే అవుతుంది, దంచితే ప్రతి ఏడూ ఒకేలాంటి పలుకు వస్తుంది, అప్పుడు గిన్నె లెక్క నిలకడగా ఉంటుంది. అలా దంచిన ఉప్పుకి చెప్పిన ముప్పావు గిన్నెని ఈరోజు ప్యాకెట్ ఉప్పుతో నింపితే ఉప్పు కొంత ఎక్కువే పడుతుంది. అమ్మ చెప్పినట్టే చేసినా ఉప్పగా వచ్చిందని బాధపడేవాళ్ళ సంగతి చాలావరకు ఇదే.

అసలు అమెరికా వంటలన్నీ కప్పుల్లో ఎందుకుంటాయన్నది తెలుసుకోవాల్సిన సంగతి. బోస్టన్ వంట పాఠశాల ప్రిన్సిపాల్‌గా చేసిన ఫ్యానీ ఫార్మర్ 1896లో తెచ్చిన వంట పుస్తకంలో, కప్పుని, చెంచాని అంచుకి సమంగా చాకుతో గీసి కొలవాలని గట్టిగా చెప్పింది. అంతకుముందు కోడిగుడ్డంత వెన్న, టీ కప్పుడు పిండి అని రాసుకునేవాళ్ళు. ఆ మార్పు అక్కడి ఇళ్ళలో పాతుకుపోయింది, యూరప్ మాత్రం కాటా వైపు వెళ్ళింది. మనకి ఇంటర్నెట్‌లో కేకుల వంటకాలు రెండు వైపుల నుంచీ వస్తున్నాయి. మైదా కప్పు అంటే పిండిని చెంచాతో వదులుగా పోసి గీస్తే 120, 125 గ్రాములు. కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 140 నుంచి 150. మూడు కప్పుల కేకులో 75 గ్రాముల పిండి అదనంగా పడితే అది కేకు కాదు, గట్టి రొట్టె. పంచదార 200 గ్రాములు, అదే మిక్సీలో పొడి కొడితే కప్పు 120కి పడిపోతుంది. కేకుకి కాటా కొనుక్కోవడం మంచిది, ఇందులో రెండో మాట లేదు.

అన్నిటికీ ఇంత టెన్షన్ పడక్కర్లేదు. అన్నానికి గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్ళు అన్న లెక్క ఎప్పటికీ గ్లాసుల్లోనే ఉండటం మంచిది. 250 మిల్లీలీటర్ల గ్లాసుడు బియ్యం 200 గ్రాములు దాటి తూగుతుంది, రెండు గ్లాసుల నీళ్ళు 500 గ్రాములు, అంటే బరువులో ఒకటికి రెండున్నరకి కొంచెం తక్కువ. ఎవరైనా బియ్యం కిలో తూచి నీళ్ళు రెండు కిలోలు పోస్తే అన్నం బిరుసుగా వస్తుంది, అప్పుడు తప్పు బియ్యానిది కాదు. ఇడ్లీకి గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల రవ్వ అన్నదాన్ని గ్రాముల్లోకి మార్చితే మినపప్పు కొంచెం బరువు, రవ్వ కొంచెం తేలిక, తేడా వస్తుంది కానీ పిండి దాన్ని భరించేస్తుంది. పప్పు, సాంబారు, కూరల సంగతి చెప్పనే అక్కర్లేదు. చింతపండు నిమ్మకాయంత అంటే ఎన్ని గ్రాములని తూచుకుంటూ కూర్చుంటే చారు ఎప్పటికీ కాగదు.

అరిసెల విషయం మాత్రం అలా వదిలేయలేం. కిలో బియ్యానికి ఇంత బెల్లం అని చెప్పేటప్పుడు ఆ కిలో నానబెట్టక ముందటి పొడి బియ్యానిది. బియ్యం నానితే దాని బరువులో పావు వంతుకి అటూ ఇటూగా నీళ్ళు పీల్చుకుంటుంది, దంచి జల్లించిన తడి పిండి గాలిని పట్టుకుని పొంగుతుంది కూడా. ఆ తడి పిండిని తూచి కిలో లెక్క వేస్తే బియ్యం తక్కువై బెల్లం ఎక్కువ పడుతుంది, పాకం ఎంత బాగా కుదిరినా అరిసె నూనెలో విచ్చిపోతుంది. తడి పిండిని గిన్నెతో కొలిస్తే ఇంకా అయోమయం, ఒత్తి నింపితే ఒకలా, జల్లెడ నుంచి రాలినట్టు ఉంటే ఒకలా. బెల్లం కూడా అంతే, గడ్డలుగా వేసిన గిన్నెలో సగం ఖాళీలే, తురిమి ఒత్తితే అదే గిన్నె చాలా ఎక్కువ పడుతుంది. అరిసెలకి పొడి బియ్యం, బెల్లం రెండూ ముందే తూచి పెట్టుకుంటే మిగతాది పాకం చూసే చేతి మీద ఉంటుంది, దానికి ఏ కాటా సాయం చేయదు.

నూనె దగ్గర లీటరు, కిలో ఒకటే అనుకోవడం మనకి బాగా అలవాటు. లీటరు నూనె 910, 920 గ్రాములే, కిలో నూనె కావాలంటే లీటరుకి పైన ఇంకో 90 మిల్లీలీటర్లు పోయాలి. ఆవకాయలో ఆ తేడాకి ఏమీ కాదు, కొనేటప్పుడు మాత్రం డబ్బు లెక్క ఉంది. గానుగ దగ్గర కిలో ధర, కొట్లో లీటరు ధర పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి ఉష్ణోగ్రతని బట్టి కూడా లీటరులో పడే బరువు మారుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ అంకెలే చెప్పి, ప్యాకెట్ మీద ఉష్ణోగ్రత రాయకుండా పరిమాణంతో పాటు బరువు కూడా స్పష్టంగా వేయాలని 2022లో నూనె కంపెనీలకి సూచించింది. వేడి లెక్కన లీటరు అని రాసి 26 గ్రాములు మిగుల్చుకునే దారిని మూయడానికే ఆ సూచన.

మరి ఇంట్లో వంటకాన్ని గ్రాముల్లోకి మార్చుకోవాలనుకునేవాళ్ళు ఏం చేయాలి? ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలు మైదాకి, వెన్నకి, పంచదారకి బాగానే పనికొస్తాయి, ఆవపిండికి, ఇడ్లీ రవ్వకి, దంచిన కల్లుప్పుకి అంతగా పనికిరావు. సొంత పట్టిక చేసుకోవడానికి అరగంట చాలు. ఇంట్లో ఎప్పుడూ వాడే గిన్నెనే తీసుకోవాలి, కొత్త కొలత కప్పు అక్కర్లేదు. ఖాళీ గిన్నెని కాటా మీద పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోస్తే ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ గిన్నె అన్ని మిల్లీలీటర్లది. ఆ తర్వాత గిన్నె పొడిగా తుడిచి కారం, ఆవపిండి, ఉప్పు, మెంతిపిండి, బియ్యం, పప్పులు ఒక్కోటీ అమ్మ ఎలా పోస్తుందో అలాగే పోసి తూచాలి. ఆమె గోపురంగా పోస్తే గోపురంగానే, అంచుకి సమంగా చేత్తో రాస్తే అలాగే. ఇది ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ పట్టుకోవాల్సింది గిన్నెని కాదు, ఆ చేతిని. వీలైతే ఆమె చేతే పోయించాలి. దూరంగా ఉన్నవాళ్ళు సెలవులకి వచ్చినప్పుడు చేసుకోదగ్గ పని ఇది. మూడుసార్లు పోయించి తూస్తే అంకెలు ఎంత అటూ ఇటూ అవుతున్నాయో కూడా తెలుస్తుంది, ఉప్పు పెద్దగా మారదు, పొడులు మారతాయి.

కాటా మీద కూడా గుడ్డి నమ్మకం పెట్టుకోకూడదు. గ్రాము గ్రాముకి మారే మామూలు కాటా మీద రెండు గ్రాముల వంటసోడా తూస్తే అది ఒకటిన్నర కావచ్చు, రెండున్నర కావచ్చు. అలాంటి చిన్న కొలతలకి గీసిన టీస్పూనే నయం. ఇంగువ, పసుపు, సోడా చెంచాతో, ఉప్పు, బెల్లం, పిండి కాటాతో, బియ్యం నీళ్ళు గ్లాసుతో. ఇలా కలగలిపి వాడుకోవడంలో తప్పేమీ లేదు, ఏది దేనితో కొలిచారో రాసిపెట్టుకుంటే చాలు.

ఆవకాయకి ఇంకో వెసులుబాటు ఉంది. కలిపిన మూడో రోజు తిరగకలుపుతారు, అప్పటికి ముక్కల్లోంచి ఊట దిగి ఉప్పు అంతటా పట్టి ఉంటుంది, ఉప్పు చూడాల్సింది ఆరోజే. తక్కువనిపించి ఇంకాస్త వేస్తే, చేత్తో తీసి చల్లేయకుండా చిన్న గిన్నెలో తూచి వేయాలి. మొదట వేసిన అంకె పక్కన ఆ గ్రాములు కూడా జాడీ మీద కాగితం అంటించి రాసుకుంటే, వచ్చే వేసవికి ఆ ఇంటి ఉప్పు లెక్క ఐదు గిన్నెలకైనా, పది కిలోలకైనా సిద్ధంగా ఉంటుంది.